నత్తగుల్లల ఒక్కరోజు వైభోగం

ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నాకు కడుపుమంట తప్ప మరొకటి తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా దేనికి కుళ్ళుకుంటారు? పక్కమనిషి ఫోనుకో, కొత్త డ్రెస్సుకో, సారు దగ్గర దొరికే మెప్పుకో. నాలాంటి కుళ్ళు లోకంలో ఇంకెవరికీ ఉండి ఉండదు. నేను నా పక్క బల్ల పిల్లకు తగిలే రేడియేషన్ చూసి కుళ్ళుకున్నాను. దానికి తగులుతోంది, నాకు తగలడం లేదు, ఇదెక్కడి అన్యాయమని అన్నం సహించేది కాదు. (నవ్వితే నవ్వండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పాసైన పిల్ల తెలివి అట్లా ఏడ్చింది.)

సంగతి ఏమిటంటే, వరంగల్లులో ఒక పరిశోధనశాలలో మాకు ఒక ప్రాజెక్టు ఉండేది. యురేనియం గనుల చుట్టుపక్కల తిరిగే అడవి జీవాల్లో రేడియేషన్ ఎంత చేరుతోందో లెక్కగట్టాలి. అడవి జంతువులను చంపేది లేదు, అడవిశాఖ వాళ్ళ అనుమతితో అవి రాల్చిపోయినవి ఏరుకోవడమే. నెమలి ఈకలు, ఏదుపంది ముళ్ళు, కుందేలు పెంటికలు. వీటికి తోడు వాగుల్లో ఎండ్రికాయలు, చెరువుల్లో నత్తగుల్లలు. తెచ్చినవాటిని ఎండబెట్టి, పొడి చేసి, మిషన్‌లో పెట్టి కొలుస్తారు. అయితే గని పక్క కుందేలులో ఇంత ఉందని చెప్పాలంటే, గని వాసనే తెలియని కుందేలులో ఎంతుందో కూడా తెలియాలి కదా, లేకపోతే దేనితో పోల్చుకుంటాం? ఆ గని లేని చోటును మా వాళ్ళు కంట్రోలు అంటారు. పనికి కుదిరింది ఇద్దరం ఆడపిల్లలం. మా పెద్దసారు ఒకరికి గని ఇచ్చి ఒకరికి కంట్రోలు ఇచ్చాడు. "నువ్వు ఆ పక్కదానివే కదమ్మా, బస్సులు తెలుసు, మనుషులు తెలుసు" అని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలూ నా నెత్తిన పెట్టాడు. కొండలూ అడవీ జీపూ ఉన్న గని మాత్రం ఆ రెండో పిల్లకు పోయింది. (మా బాపు ఊళ్ళో "మా బిడ్డకు కంట్రోలుల నౌకరి వచ్చింది" అని చెప్పుకున్నాడు. మా ఊళ్ళో కంట్రోలంటే రేషన్ దుకాణమే, ఆ వారమంతా మా ఇంటికి బియ్యం కార్డులు పట్టుకొని జనం వచ్చారు.)

ఆ రెండో పిల్లది గోదావరి పక్క. గని దగ్గరికి పోయేవాళ్ళకు గుండె మీద పెట్టుకొనే ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఇస్తారు. మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బిళ్ళను పరీక్షించి చెబుతారు. గని దగ్గర పెట్టుకొని, వచ్చాక తీసి దాచాలి. ఈమె క్యాంటీన్‌కు పెట్టుకొచ్చేది. జిరాక్సు షాపుకు పెట్టుకుపోయేది. వాళ్ళ అక్క నిశ్చితార్థం ఫోటోలో పట్టుచీర మీద కూడా అది తళతళమంటూ కనబడింది. అందుకే ఆమెకు ఆఫీసులో బ్యాడ్జి అనే పేరు స్థిరపడిపోయింది. (పెట్టింది నేనే, ఇంకెవరు పెడతారు?) ఆమె వాట్సాప్ స్టేటస్ తెరిస్తే జీపు, హెల్మెట్, వెనక నీలం కొండలు, చేతిలో ఏదుముల్లు. నా ఫోనులో ఏముంది? తొర్రూరు బస్సు కిటికీ, అందులోంచి పత్తిచేను. ఆమె స్టేటస్ పెట్టిన ఐదు నిమిషాల్లో నేను చూసేసేదాన్ని, చూసినట్టు తెలియకూడదని సెట్టింగు కూడా మార్చుకున్నాను.

మా ఊరు దేవరుప్పుల దగ్గర. సెలవు రోజు ఇంటికి పోయి బాపు ముందు నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"గా బిళ్ళ పెట్టుకుంటె ఏమైతది బిడ్డా?" అన్నాడు బాపు.

"ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో ఎరుకైతది బాపూ."

"తగులుడు మంచిదా?"

"మంచిది కాదు."

"మరి నీకు తగల్తలేదు గద?"

"అదే గద నా ఏడుపు!" అన్నాను. బాపు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "జర మజ్జిగ తాగి పండుకో" అని లేచి చేనుకు పోయాడు.

ఈ మంటలో పెద్దసారు ఇంకాస్త నూనె పోశాడు. ఒకరోజు ఇద్దరినీ పిలిచి, "వచ్చే ట్రిప్పుకు జీపులో ఒక సీటు ఖాళీ ఉంది. కంట్రోలు శాంపిళ్ళన్నీ శుభ్రంగా వస్తే నువ్వు కూడా గని దగ్గరికి రావచ్చు. తేడా వస్తే మాత్రం మళ్ళీ మొదటినుంచి ఏరుకోవాలి, ట్రిప్పు లేదు" అన్నాడు. అంతే, ఆ సీటు నా ప్రాణమైపోయింది. కలలో కూడా జీపే. ఇక శుభ్రత సంగతి చూద్దామని సామాను గదికి పోతే, బిగుతు మూతల కొత్త డబ్బాలన్నీ బ్యాడ్జి పట్టుకుపోయింది. "గని శాంపిళ్ళు కదండీ, జాగ్రత్తగా ఉండాలి. మీవి ఎలాగూ కంట్రోలే కదా" అన్నది నవ్వుతూ. నాకు మిగిలినవి పాలిథిన్ కవర్లు, ఒక రబ్బరుబ్యాండ్ల పొట్లం. ఒళ్ళు మండిపోయింది. కానీ జీపు సీటు గుర్తుకొచ్చి నోరు మూసుకున్నాను.

దేవరుప్పుల బండల్లో కుందేలు పెంటికలు ఏరాను. మేక పెంటికకూ కుందేలు పెంటికకూ తేడా చెప్పలేక మొదటిరోజు ఒక కవరు నిండా మేకవి ఏరుకున్నాను, ఆ సంగతి వదిలేయండి. తర్వాత మహబూబాబాద్ దగ్గర ఒక తండాకు పోయాను. అక్కడి వాళ్ళు ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడుకుంటారు గానీ నాతో చక్కగా తెలుగులో మాట్లాడారు. ఒక అవ్వకు నాకు వాగులో ఎండ్రికాయలు కావాలని చెప్పాను. ఆమె కోడళ్ళను కేకేసింది, అందరూ వాగుకు పోయి ఒక బుట్టెడు పట్టుకొచ్చారు. "నువ్వు జర సేపు నడుం వాల్చు బిడ్డా, ఎండల వచ్చినవ్" అంటే నిజంగానే మంచం మీద కన్ను మలిగింది. లేచి చూస్తే ఘుమఘుమా వాసన. నా శాంపిలు మొత్తం కారం పెట్టి కూర వండేశారు, పక్కన వేడి వేడి జొన్నరొట్టెలు. పట్నం నుంచి వచ్చిన పిల్ల బస్సు దిగి మరీ ఎండ్రికాయలు అడిగిందంటే తినడానికి కాక ఇంకెందుకని వాళ్ళనుకున్నారు, వాళ్ళ తప్పేముంది? "గింత దూరం గీటి కోసం వచ్చినవు, కడుపు నిండ తిను" అని అవ్వ కొసరి కొసరి వడ్డించింది. కూరను ఫోటో తీసి స్టేటస్ పెట్టి మరీ తిన్నాను, కంట్రోలు శాంపిలు చాలా రుచిగా ఉంది. మర్నాడు మళ్ళీ వాగులో దిగాల్సి వచ్చింది, ఈసారి పట్టినవాటిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

చివరికి నత్తగుల్లల కోసం మొగుళ్ళపల్లి. అక్కడ మా మేనత్త ఇల్లు. చెరువులో గుల్లలు ఏరి, కడిగి, అత్త వాళ్ళ డాబా మీద ఎండబెట్టాను. ఎండాక పెరట్లో పాత రోట్లో దంచి పొడి చేశాను. కవర్లలో కడితే తెల్లారేసరికి ఎలుకలు కొట్టేశాయి. కొత్తగా దంచి, అత్తను ఒక స్టీలు డబ్బా అడిగాను. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నీ నత్తలు నా వంటింట్లకు తేకు. పప్పు డబ్బాల నత్తలు పెడ్తవా? అటెన్క గా డబ్బాల నేనేం పెట్టుకోవాలె?" మాంసం వండేందుకు వేరే గిన్నెలు, వాటికి వేరే అలమర ఉన్న ఇల్లు అది. నత్తలకు అందులో కూడా చోటు లేదు. నా ముఖం చూసి మళ్ళీ జాలిపడి, కొట్టంలోంచి మూత బిగుతుగా ఉన్న ఒక పాత రేకు డబ్బా తెచ్చి, లోపల కొంగుతో తుడిచి ఇచ్చింది. "గిండ్ల ఎలుక గాదు, చీమ గూడ దూరది" అన్నది. మూత తీస్తే 'టక్' అనేంత బిగువు. బ్యాడ్జి డబ్బాలకు ఇది ఏమాత్రం తీసిపోదని పొంగిపోయి, పొడి దాంట్లో పోసుకొని వరంగల్లు బస్సెక్కాను.

పరిశోధనశాలలో కొలతలు రెండు రకాలు. మొదట చిన్న మిషన్‌లో పెడితే మొత్తం మీద రేడియేషన్ ఎక్కువుందా తక్కువుందా అన్నది కాసేపట్లో తెలిసిపోతుంది. అదేమిటో, ఎందులోంచి వస్తోందో తేల్చేది పెద్ద మిషన్. దానికి మర్నాటి దాకా ఆగాలి. కుందేళ్ళు, ఎండ్రికాయలు, ఈకలు అన్నీ బుద్ధిగా తక్కువ చూపించాయి. మొగుళ్ళపల్లి నత్తలు పెట్టేసరికి మిషన్ గోల పెట్టింది. అంకెలు పరుగెత్తుతున్నాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. పక్కనున్న బ్యాడ్జి కుర్చీలోంచి లేచి వచ్చి చూసింది. ఆమె గని శాంపిళ్ళలో ఒక్కటి కూడా ఈ అంకె దగ్గరికి రాలేదు.

ఆ క్షణంలో ఆమె ముఖం చూశానండీ. మాడిపోయింది. పెదవి కొరుక్కుంటూ, "ఎక్కడివండీ ఇవి?" అన్నది. "కంట్రోలువి" అన్నాను కాలు మీద కాలేసుకొని. సీటు పోతుందన్న భయం మొదట కలిగిన మాట నిజమే గానీ, వెంటనే నా బుర్ర ఇంకో దారి పట్టింది. ఇప్పుడు నేను జీపు దగ్గరికి పోవడమేమిటి, జీపే నా దగ్గరికి వస్తుంది! పెద్దసారు మొగుళ్ళపల్లికి బయలుదేరతాడు. ముందు సీట్లో నేను, వెనక సీట్లో బ్యాడ్జి. నేను చెరువుగట్టు మీద నిలబడి చెయ్యి చూపిస్తే ఆమె మోకాలి లోతు నీళ్ళలో దిగి నత్తలు ఏరుతుంది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అందరికీ మిర్చి బజ్జీలు నేనే తినిపించాను. బ్యాడ్జి తలనొప్పి అని రాలేదు. ఆ తలనొప్పి నాకు బాగా పరిచయమే, నెలల తరబడి నేను పడ్డదే. చెప్పొద్దూ, బజ్జీలు చాలా రుచిగా ఉన్నాయి.

బజ్జీ చేతిలో పట్టుకొనే బాపుకు ఫోను చేశాను. "బాపూ! అత్తోళ్ళ చెరువు నత్తలల్ల రేడియేషన్ దొరికింది!"

"మంచిదేనా బిడ్డా గది?"

"మంచిదే బాపూ! గని దగ్గరి దానికంటె ఎక్కువున్నది!"

బాపు మెల్లగా, "మొన్న మీ అత్త గా చెరువు చేపలు పంపింది గద, పులుసు పెట్టుకొని తిన్నం. ఏమన్న అయితదా మరి?" అన్నాడు.

నా సంబరంలో ఆ చెరువు చేపలు తినే మనుషులు ఉంటారన్న సంగతే తట్టలేదు. "ఏం కాదు బాపూ, రేపు అంతా ఎరుకైతది" అని ఏదో గొణిగి ఫోను పెట్టేశాను. బాపు ఊరుకుంటాడా? వెంటనే అత్తకు ఫోను చేశాడట. అత్త ఎవరికి చెప్పలేదో అడగండి, అది తేలిక.

మర్నాడు పెద్దసారు పెద్ద మిషన్ తెర మీద గీతలు చూస్తూ కళ్ళజోడు సర్దుకొని కూర్చున్నాడు. "ఇవి యురేనియం గీతలు కావమ్మా. థోరియంవి. మీ నత్తలు ఏం తిని బతుకుతున్నాయి?" అన్నాడు. బ్యాడ్జి తలనొప్పి చటుక్కున తగ్గిపోయింది. "థోరియం మా బీచ్ ఇసుకలో ఉంటుంది సార్. మొగుళ్ళపల్లికి సముద్రం వచ్చిందేమో కనుక్కోమనండి" అన్నది, ఇంతలేసి కళ్ళు చేసుకొని. సారు నా చేతికి, పట్టుకు తిరిగే బుల్లి మిషన్ ఒకటిచ్చి, "శాంపిలు ఎక్కడెక్కడ పెట్టావో అక్కడంతా తిప్పి చూసి రా. చెరువు నీళ్ళూ, తాజా గుల్లలూ పట్టుకురా. సీటు సంగతి తర్వాత" అన్నాడు. ఎట్టకేలకు నా చేతికి మిషన్ వచ్చింది, కానీ ఎంత అవమానంతో వచ్చిందో చూడండి.

మొగుళ్ళపల్లిలో బస్సు దిగేసరికి అత్త వాళ్ళ అరుగు నిండా జనం. చెరువులో వలలు వేయాల్సిన వాళ్ళు వలలు పక్కన పడేసి కూర్చున్నారు. "ఏంది బిడ్డా, మా శాపలు ఎవలన్న కొంటరా ఇగ?" అని ఒకాయన అడిగాడు. నేను ఎవరి ముఖమూ చూడకుండా చెరువుకు నడిచాను, వెనక ఊరంతా బయలుదేరింది. నీళ్ళ దగ్గర మిషన్ పెట్టాను. టిక్కు... టిక్కు... అంతే, బుద్ధిగా. గుల్లల కుప్ప మీద పెట్టాను. అదే టిక్కు. డాబా మీద, రోట్లో, అన్నిచోట్లా అంతే. వెనకవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. చివరికి కొట్టంలోకి పోయాను. అంతే, మిషన్ మక్కపేలాలు వేయించినట్టు పటపటలాడింది. అత్త "అయ్యో నా తల్లే!" అని గుమ్మం బయటికి దూకింది. మిషన్ దారి చూపిస్తుంటే మెల్లగా పోయి ఒక అర దగ్గర ఆగాను. అక్కడ కాగితపు పొట్లాలు, వాటి పక్కన దుమ్ములో గుండ్రటి గుర్తు. అత్త నాకిచ్చిన డబ్బా మొన్నటి దాకా ఉన్న చోటు అది.

"గవ్వి నా గ్యాస్‌బత్తీల జాలీలు!" అన్నాడు వెనకనుంచి మా మామ.

మామ సంగతి మీకు చెప్పలేదు కదూ. కరెంటు బల్బుల దండలు రాకముందు చుట్టుపక్కల ఊళ్ళ లగ్గాలన్నిటికీ గ్యాస్‌బత్తీలు కిరాయికిచ్చింది ఆయనే. ఆ బత్తిలో మంట చుట్టూ తెల్లటి గుడ్డ జాలీ ఒకటి కడతారు, వెలుగంతా దానిదే. ఆ జాలీ బాగా వెలగాలని వెనకట థోరియం మందులో ముంచేవాళ్ళు. ఎమ్మెస్సీలో ఇది చదివి పరీక్ష కూడా రాశాను గానీ, మా మామ కొట్టంలో ఉంటుందని ఏ పుస్తకం చెప్పింది? జాలీలు ఒకసారి కాలితే ముట్టుకున్నా పొడైపోతాయి. మామ ఆ విరిగినవన్నీ నాకిచ్చిన రేకు డబ్బాలోనే వేసేవాడట. అత్త పారబోసి కొంగుతో తుడిచింది గానీ, మూలల్లో అతుక్కున్న దుమ్ము నా నత్తల పొడిలో కలిసిపోయింది. పెద్దసారుకు ఫోను చేస్తే పడీ పడీ నవ్వాడు. "ఆ పొట్లాలను నలపకుండా కవర్లో చుట్టి పట్టుకురా, భయమేం లేదు" అన్నాడు.

"గందుకేనా మామ, నీ బత్తి గంత ఎలుగు!" అన్నాను.

"మరేమనుకున్నవ్ పిల్లా! నా బత్తి లేంది గీ మండలంల లగ్గమైందా?" అని మామ మీసం తిప్పాడు. అత్త బయటినుంచే, "గందుకే నెత్తి మీద ఎంటికెలన్ని ఊడినయి" అని అందుకుంది. జనం గొల్లుమన్నారు. వలల ఆయన మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "గట్లయితె చెరువుల ఏం లేదా బిడ్డా?" అని మళ్ళీ అడిగాడు. "ఏం లేదు కాకా" అన్నాను. "గంతే సాలు" అని వల భుజానేసుకొని గబగబా పోయాడు. మిగతావాళ్ళూ ఆయన వెంటే పోయారు. కొట్టం గుమ్మంలో నేనొక్కదాన్నే ముఖం వేలాడేసుకొని నిలబడ్డాను. ఒక్కరోజు వైభోగం అట్లా ముగిసిపోయింది.

మళ్ళీ గుల్లలు ఏరి, ఈసారి సారే ఇప్పించిన కొత్త డబ్బాలో పోసుకొచ్చాను. అంకె తక్కువగా వచ్చింది. సారు తల ఊపి, "ఇంటిని కొలిచిన పిల్లవు, గనిని కూడా చూద్దువుగాని రా" అన్నాడు. జీపు సీటు నాది! నాకూ ఒక బ్యాడ్జి ఇచ్చారు. దాన్ని పెట్టుకొని ఎన్ని ఫోటోలు దిగానో అడక్కండి. అసలు బ్యాడ్జి నా పక్కనే కూర్చుంది. దారిలో చాలాసేపు కిటికీలోంచి చూసి, హఠాత్తుగా, "మీ ఎండ్రకాయల కూర స్టేటస్ చూసి నాకు ఎంత కుళ్ళొచ్చిందో తెలుసా?" అన్నది. "మీరెక్కడికెళ్ళినా అన్నం పెట్టి పంపిస్తారు. గని ఊళ్ళలో నన్ను చూడగానే, వాటిలో కూడా ఏదో ఉందని రాసుకుపోతానని మేకల్ని లోపల కట్టేసుకుంటారు. మంచినీళ్ళడగాలన్నా మొహమాటం." నేను నమ్మలేదు. నా స్టేటస్‌లు ఈమె చూసేదా? చూసినట్టు నాకెప్పుడూ కనబడలేదే! ఆమెకూ ఆ సెట్టింగు తెలుసన్నమాట.

గనికి ఇవతల ఒక పల్లెలో జీపు ఆగింది. ఏదుముళ్ళు దొరికే గుట్టకు ఆ పల్లె దాటే పోవాలి. ఒక ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తున్న ముసలామె బ్యాడ్జిని చూడగానే చెయ్యి ఆపింది. "మళ్ళా వచ్చినావా పాపా? ఏమన్నా తేలిందా?"

"లెక్కలు ఇంకా అవుతున్నాయవ్వా."

"పోయిన తూరీ అదే చెప్తివి" అని ఆమె నావైపు తిరిగింది. "నువ్వు కొత్తా? ఏ ఊరు మీది?"

"జనగామ దిక్కు అవ్వా."

"ఆడ కూడా ఇట్లే కొలుస్తారా?"

"కొలిచినం."

"ఏముండాది?"

ఆ మాట చెప్పడానికి నెలల తరబడి సిగ్గుపడ్డదాన్ని నేను. "ఏం లేదవ్వా" అన్నాను. ముసలామె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, ప్రతిరోజూ పక్క బల్ల వైపు నేను చూసిన చూపే. ఎందుకో చున్నీ సర్దుకొని నా గుండె మీద బిళ్ళను కప్పేసుకున్నాను. "బాగుండాదిలే పాపా మీకు" అని ఆమె మళ్ళీ గింజలు తీయడంలో పడింది.

ఇప్పటికీ నేను అదే పనిలో ఉన్నాను. కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడల్లా కుర్రకారంతా గని మాకు, గని మాకు అని ఎగబడతారు. కంట్రోలు ఎవరికి కావాలని అడిగితే గదిలో చెయ్యెత్తేది నేనొక్కదాన్నే. అప్పుడు ఆ పిల్లలు నావైపు చూసే జాలి చూపులు ఉంటాయి చూశారూ, పాపం ఈమెకు ఇంకేం దొరకలేదన్నట్టు! వాళ్ళను చూసి నవ్వాపుకొని, మొగుళ్ళపల్లి బస్సు ఎన్నింటికో కనుక్కుంటాను.